రియాక్టర్ హీటర్ బోర్డులో కాలిపోయిన డిజిటల్ ఐసొలేటర్ స్థానంలో ఏది వేయాలి?

జీడిమెట్ల మెయింటెనెన్స్ | జూన్ 3, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. జీడిమెట్ల పారిశ్రామికవాడలోని ఒక మందుల తయారీ యూనిట్‌లో ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ నిర్వహణ నా బాధ్యత. గత శుక్రవారం సాయంత్రం పడిన పిడుగుల వానలో మా రియాక్టర్ ఉష్ణోగ్రతను నియంత్రించే బోర్డు ఒకటి చెడిపోయింది. విప్పి చూస్తే, 16 కాళ్ల చిప్పు ఒకదాని మీద ఫీల్డ్ వైపు, అంటే హీటర్ వంటి బయటి పరికరాలకు వెళ్లే వైపు, ఆవగింజంత గుంట పడి, పక్కనున్న రెండు కాళ్ల దాకా మసి పాకి ఉంది. మిగిలిన అక్షరాలను భూతద్దంతో చదివితే అది ఏడీయూఎం1401ఏఆర్‌డబ్ల్యూజెడ్ అనే డిజిటల్ ఐసొలేటర్, అంటే రెండు వైపుల విద్యుత్ కలవకుండా సంకేతాలను మాత్రమే దాటించే చిప్పు, అని తేలింది. బోర్డు తయారుచేసిన కంపెనీ ఈ మోడల్‌ను నిలిపివేసి చాలా కాలమైంది. చిప్పు కోసం మా పంపిణీదారుని అడిగితే 14 వారాలు పడుతుందన్నారు. అన్నాళ్లు రియాక్టర్‌ను ఆపి కూర్చోవడం మాకు సాధ్యం కాదు.

కోఠీలో ఒక దుకాణంలో రెండు చిప్పులు చూపించారు. ఒకటి ఎస్ఐ8641బీడీ, రెండోది ఐఎస్ఓ7741. రెండూ నాలుగు ఛానెళ్లవే, రెండింటిలోనూ మూడు ఛానెళ్లు ఒక దిశలో, ఒకటి ఎదురు దిశలో వెళతాయి, కాళ్ల వరుస కూడా అదే. పైగా అసలు చిప్పు 2500 వోల్టులదైతే ఇవి 5000 వోల్టులవి కాబట్టి ఇంకా మంచివేనని దుకాణదారుడు చెప్పారు. వినడానికి సబబుగానే ఉంది కానీ, రియాక్టర్‌తో పని గనుక అనుభవం ఉన్నవారిని అడగకుండా వేయడానికి మనసు ఒప్పలేదు. ఏది వేయవచ్చో దయచేసి చెప్పగలరు.

బాలానగర్ బెంచ్ | జూన్ 3, రాత్రి 10.25

అడిగి మంచి పని చేశారండీ. పారిశ్రామిక బోర్డుల మరమ్మతులో 22 ఏళ్లుగా ఉన్నాను. ఐసొలేటర్ మార్చేటప్పుడు అందరి చూపూ ముందుగా ఆ కిలోవోల్టుల అంకె మీదే పడుతుంది, కానీ మార్చిన తర్వాత బోర్డులు మొరాయించేది ఆ అంకె వల్ల కాదు. ఏ చిప్పు వేయాలో చెప్పే ముందు బోర్డు గురించి నాకు నాలుగు సంగతులు తెలియాలి.

ఒకటవ కాలు దగ్గర, అంటే లాజిక్ వైపు, సప్లై ఎంత ఉంది? ఆ చిప్పుకు సంకేతాలు పంపే మైక్రోకంట్రోలర్ 5 వోల్టులదా, 3.3 వోల్టులదా? ఫీల్డ్ వైపు అవుట్‌పుట్లు హీటర్‌ను ఆన్ చేసేది హై స్థితిలోనా, లో స్థితిలోనా? ఏడవ, పదవ కాళ్లను, అంటే అవుట్‌పుట్లను పనిచేయించే లేదా ఆపే ఎనేబుల్ పిన్నులను, దేనికి కలిపారు? వీటిని కొలిచి చెప్పండి. అప్పటిదాకా ఆ రెండింటిలో ఏదీ కొనకండి.

చర్లపల్లి స్టోర్స్ | జూన్ 4, ఉదయం 8.40

దుకాణంలో చూపించిన చిప్పుల మీద పూర్తి పార్ట్ నంబరు ఏముందో కూడా రాసి పెట్టండి. ఈ తరగతి చిప్పుల్లో చివరి ఒక్క అక్షరం మారితే స్వభావమే మారుతుంది. బిల్లు మీద "8641" అని మాత్రమే రాసి ఇచ్చేవారి దగ్గర మేము కొనడం మానేశాము.

జీడిమెట్ల మెయింటెనెన్స్ | జూన్ 4, సాయంత్రం 6.30

మాకు ఇలాంటి బోర్డులే మరో మూడు ఉన్నాయి. వాటిలో ఆగి ఉన్న ఒకదాన్ని తీసి కొలిచాను. లాజిక్ వైపు సప్లై 5.02 వోల్టులు. మైక్రోకంట్రోలర్ 3.3 వోల్టులది, దాని అవుట్‌పుట్ పిన్ను హై స్థితిలో 3.24 వోల్టులు ఇస్తోంది. ఫీల్డ్ వైపు సప్లై కూడా 5 వోల్టులే, అది చిన్న డీసీ-డీసీ మాడ్యూల్ నుంచి వస్తోంది. ఎనేబుల్ పిన్నులు రెండూ వాటి వాటి సప్లైలకు కలిపి ఉన్నాయి.

ఫీల్డ్ వైపు మొదటి అవుట్‌పుట్ హీటర్ సాలిడ్ స్టేట్ రిలేకు, రెండవది చల్లని నీటి వాల్వుకు, మూడవది అలారానికి వెళుతున్నాయి. ఎదురు దిశలోని నాలుగవ ఛానెల్ అధిక ఉష్ణోగ్రత స్విచ్చి స్థితిని లోపలికి తెస్తోంది. అవుట్‌పుట్ లో అయినప్పుడు ట్రాన్సిస్టర్ పనిచేసి హీటర్ ఆన్ అవుతుంది, హై అయితే ఆఫ్. నాలుగవ ఛానెల్ నుంచి మైక్రోకంట్రోలర్‌కు వెళ్లే దారిలో 10 కిలోఓమ్‌లు, 20 కిలోఓమ్‌ల రెసిస్టర్లతో ఒక డివైడర్ ఉంది.

బాలానగర్ బెంచ్ | జూన్ 4, రాత్రి 9.50

ఇప్పుడు అసలు విషయం బయటపడింది. వివరంగానే రాస్తాను, ఎందుకంటే ఇది మీ ఒక్కరి బోర్డుకు సంబంధించినది కాదు.

ఐసొలేటర్‌కు రెండు వైపులా వేర్వేరు సప్లైలు ఉంటాయి. లాజిక్ వైపు సప్లై పోయి, ఫీల్డ్ వైపు సప్లై ఉన్నప్పుడు అవుట్‌పుట్ ఏ స్థితిలో నిలవాలో చిప్పు లోపలే నిర్ణయించి ఉంటుంది. దానినే డిఫాల్ట్ స్థితి అంటాము. మీ అసలు చిప్పు, ఏడీయూఎం1401, అలాంటప్పుడు హై ఇస్తుంది. బోర్డు రూపకర్త ఆ సంగతి తెలిసే, హై అంటే హీటర్ ఆఫ్ అయ్యేలా సర్క్యూట్ గీశారు. కంట్రోలర్ సప్లై పోయినా, ఫ్యూజు ఎగిరినా, సప్లై తెచ్చే రిబ్బన్ కేబుల్ ఊడినా హీటర్ ఆగిపోతుంది.

ఇప్పుడు కోఠీలో చూపించిన ఎస్ఐ8641బీడీ సంగతి చూడండి. ఆ కుటుంబంలో అంకెల తర్వాత వచ్చే మొదటి అక్షరం వేగాన్నీ డిఫాల్ట్ స్థితినీ కలిపి చెబుతుంది. బీ అంటే సెకనుకు 150 మెగాబిట్లు, డిఫాల్ట్ లో. "ఈ" అనే అక్షరం ఉంటే అదే వేగం, డిఫాల్ట్ హై. రెండవ అక్షరం ఇన్సులేషన్ స్థాయి, డీ అంటే 5 కిలోవోల్టులు. అంటే ఆ బీడీ చిప్పును మీ బోర్డులో వేసి ఉంటే అది చక్కగా పనిచేసేది, పరీక్షలన్నీ నెగ్గేది. ఎప్పుడో ఒకరోజు కంట్రోలర్ సప్లై ఒక్కటే పోయినప్పుడు మాత్రం, మూడు అవుట్‌పుట్లూ లో స్థితికి దిగి, అడిగేవారు లేకుండా హీటర్ ఆన్ అయిపోయేది. ద్రావకం ఉన్న రియాక్టర్‌కు అదెంత ప్రమాదమో మీకు నేను చెప్పనవసరం లేదు.

మిగతా కుటుంబాల్లో ఇదే సంగతిని వేరే చోట రాస్తారు. ఐఎస్ఓ7741లో చివర ఎఫ్ లేకపోతే డిఫాల్ట్ హై, ఐఎస్ఓ7741ఎఫ్ అయితే లో. ఏడీయూఎం141ఈ1లో ఆ చివరి 1 హై స్థితిని, ఏడీయూఎం141ఈ0లో చివరి 0 లో స్థితిని సూచిస్తాయి. ఇక్కడ మరో చిక్కుంది. ఎస్ఐ పార్టులో డీ అనేది ఇన్సులేషన్ స్థానంలో వస్తే 5 కిలోవోల్టులు, వేగం స్థానంలో వస్తే సెకనుకు ఒక మెగాబిట్, డిఫాల్ట్ హై. కాబట్టి గుర్తు మీద ఆధారపడకుండా ప్రతిసారీ డేటాషీట్‌లోని ఆర్డరింగ్ పట్టికను తెరవాలి.

జీడిమెట్ల మెయింటెనెన్స్ | జూన్ 4, రాత్రి 10.15

చదువుతుంటే చేతులు చల్లబడ్డాయండీ. ఆ బీడీ చిప్పును నేను దాదాపు కొనేశాను. అలాగైతే ఐఎస్ఓ7741 డిఫాల్ట్ హై కదా, ఎఫ్ లేనిదాన్ని చూసి తెచ్చుకుంటే సరిపోతుందా?

బాలానగర్ బెంచ్ | జూన్ 4, రాత్రి 11.05

డిఫాల్ట్ విషయంలో సరిపోతుంది. కానీ మీరు కొలిచిన 3.24 వోల్టుల దగ్గర ఇబ్బంది వస్తుంది.

ఏడీయూఎం1401 ఇన్‌పుట్, 5 వోల్టుల సప్లై వద్ద, 2.0 వోల్టులు దాటితే హైగా గుర్తిస్తుంది. అందుకే 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్‌తో నేరుగా కలిపినా ఇన్నేళ్లు పనిచేసింది. ఐఎస్ఓ7741 థ్రెషోల్డ్ అలా స్థిరంగా ఉండదు, సప్లైని బట్టి మారుతుంది. డేటాషీట్‌లో దాని సాధారణ విలువ సప్లైలో 0.6 వంతు, గరిష్ఠ విలువ 0.7 వంతు. మీ 5 వోల్టుల వద్ద లెక్క వేస్తే సాధారణంగా 3.0 వోల్టులకే మారుతుంది, కానీ హామీ మాత్రం 3.5 వోల్టులు దాటితేనే. మీ దగ్గర ఉన్నది 3.24. అంటే బెంచ్ మీద తప్పకుండా పనిచేస్తుంది, ఫ్యాక్టరీలో పనిచేస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేరు. ఏడీయూఎం141ఈ1 కూడా 0.7 వంతు లెక్కదే. ఎస్ఐ8641 ఇన్‌పుట్‌కు మాత్రం 2.0 వోల్టులు చాలు.

ఇది పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. నాలుగేళ్ల క్రితం ఒక ప్యాకింగ్ యంత్రం బోర్డులో నేనే ఈ పొరపాటు చేశాను. కాళ్ల వరుస సరిపోయింది, డిఫాల్ట్ సరిపోయింది, బెంచ్ మీద మూడు రోజులు ఆపకుండా నడిపి చూసి పంపాను. అక్కడ రోజూ మధ్యాహ్నం రెండు దాటాక యంత్రం ఆగేది, సాయంత్రం చల్లబడితే మళ్లీ నడిచేది. రెండుసార్లు బోర్డును వెనక్కి తెప్పించుకున్నాను, రెండుసార్లూ నా బెంచ్ మీద అది నిక్షేపంగా నడిచింది. మూడవసారి నేనే వెళ్లి, ఆ ప్యానెల్ ముందు ఆసిలోస్కోప్ పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కాంటాక్టర్ పడినప్పుడల్లా ఇన్‌పుట్ 3.2 నుంచి 2.9 దాకా దిగి లేచేది. ఉదయం దాన్ని పట్టించుకోని చిప్పు, ప్యానెల్ వేడెక్కాక పట్టించుకునేది. ఆ యజమానికి జరిగిన నష్టానికి కారణం నేను డేటాషీట్‌లో ఆ ఒక్క వరుస చదవకపోవడమే. అప్పటి నుంచి థ్రెషోల్డ్ వరుసను వేలు పెట్టి చదువుతున్నాను.

నాచారం ట్రైనీ | జూన్ 5, ఉదయం 7.55

సర్, ఒక సందేహం. ఐఎస్ఓ7741 వేసి, దాని లాజిక్ వైపు సప్లైని 5 వోల్టుల నుంచి తప్పించి, బోర్డులో ఉన్న 3.3 వోల్టులకు కలిపితే సరిపోదా? ఆ చిప్పు 2.25 వోల్టుల నుంచి పనిచేస్తుంది కదా. అప్పుడు థ్రెషోల్డ్ 2.31 వోల్టులకు దిగుతుంది.

బాలానగర్ బెంచ్ | జూన్ 5, ఉదయం 9.20

మంచి ఆలోచనమ్మా, చాలా బోర్డుల్లో అదే సరైన దారి. కానీ ఈ బోర్డులో నాలుగవ ఛానెల్‌ను ఒకసారి చూడండి. ఆ అవుట్‌పుట్ ఇప్పుడు 5 వోల్టులు ఇస్తుంటే, 10, 20 కిలోఓమ్‌ల డివైడర్ దానిని 3.3 వోల్టులకు తగ్గించి మైక్రోకంట్రోలర్‌కు ఇస్తోంది. మీరు సప్లైని 3.3కు మారిస్తే అదే డివైడర్ నుంచి 2.2 వోల్టులే వస్తాయి. మైక్రోకంట్రోలర్‌కు కూడా 0.7 వంతు నియమం ఉంటే దానికి 2.31 కావాలి. అంటే ఒక వైపు సరిచేసి రెండవ వైపు అదే జబ్బును తెచ్చుకున్నట్టు, అదీ అధిక ఉష్ణోగ్రత స్విచ్చి వచ్చే దారిలో. 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌ను తీసి నేరుగా కలిపి, 20 కిలోఓమ్‌లది ఎత్తేస్తే సరిపోతుంది. అయితే ట్రాకు కోసి, తీగ వేసి, రెండు రెసిస్టర్లు మార్చిన తర్వాత దానిని మరమ్మతు అనలేము, డిజైన్ మార్పు అవుతుంది. మందుల యూనిట్‌లో అలాంటి మార్పుకు కాగితాల పని కూడా ఎక్కువే.

నా సలహా ఎస్ఐ8641ఈడీ. డిఫాల్ట్ హై, ఇన్‌పుట్ 2.0 వోల్టులు, వెడల్పు ప్యాకేజీ, అవే కాళ్లు, ఎనేబుల్ పిన్నులు కూడా అవే చోట. ట్రాకు ఏదీ కోయనవసరం లేదు. అసలు ఏడీయూఎం1401ఏఆర్‌డబ్ల్యూజెడ్ మరెక్కడైనా అధీకృత పంపిణీదారు దగ్గర దొరికితే మాత్రం వేరే ఆలోచన లేకుండా అదే వేయండి.

కూకట్‌పల్లి డ్రైవ్స్ | జూన్ 5, మధ్యాహ్నం 1.30

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. మోటార్ డ్రైవుల బోర్డులు మార్చేవారు ఈ చర్చను చదివితే వారి కోసం ఒక సంగతి చేర్చాలి. హీటర్ బోర్డులో రెండు గ్రౌండ్ల మధ్య తేడా నెమ్మదిగా మారుతుంది, కాబట్టి కామన్ మోడ్ ట్రాన్సియెంట్ ఇమ్యూనిటీ, అంటే ఆ తేడా ఒక్కసారిగా ఎగిరినా తట్టుకునే శక్తి, పెద్ద సమస్య కాదు. డ్రైవులో అలా కాదు. 415 వోల్టుల మూడు ఫేజుల సప్లైని రెక్టిఫై చేస్తే డీసీ బస్సు సుమారు 587 వోల్టులకు చేరుతుంది. మోటార్‌కు కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఐజీబీటీ ట్రాన్సిస్టర్ మారిన ప్రతిసారీ ఒక వైపు గ్రౌండు మొత్తం అంత ఎత్తుకు మైక్రోసెకనులో చిన్న భాగంలోనే ఎగురుతుంది. ఆ కుదుపులో ఐసొలేటర్ తప్పు బిట్టు ఇవ్వకుండా ఉండాలి.

ఏడీయూఎం1401 కనీస హామీ మైక్రోసెకనుకు 25 కిలోవోల్టులు. ఎస్ఐ86 కుటుంబంలో కనీసం 35, సాధారణంగా 50. ఐఎస్ఓ7741లో కనీసం 85, సాధారణంగా 100. సాధారణ ఐజీబీటీ డ్రైవుకు ఇవన్నీ సరిపోవచ్చు కానీ, సిలికాన్ కార్బైడ్ పరికరాలున్న కొత్త డ్రైవులలో మార్పు వేగం మైక్రోసెకనుకు 50 కిలోవోల్టులు దాటవచ్చు కాబట్టి అక్కడ పాత తరం చిప్పులు వేయకూడదు. డేటాషీట్‌లో ఎప్పుడూ కనీస విలువనే చదవండి, మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసేది చాలాసార్లు సాధారణ విలువే అయి ఉంటుంది.

పాత, కొత్త చిప్పుల లోపలి పద్ధతి కూడా వేరు. ఏడీయూఎం1401 సంకేతం మారిన క్షణంలోనే చిన్న పల్సును ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతుంది. మధ్యలో ఏ మార్పూ లేకపోతే ఉన్న స్థితిని గుర్తుచేస్తూ రిఫ్రెష్ పల్సులు పంపుతుంది, అవి సుమారు 5 మైక్రోసెకన్లు రాకపోతే అవతలి వైపు డిఫాల్ట్‌కు వెళుతుంది. ఐఎస్ఓ7741, ఎస్ఐ86, ఏడీయూఎం141 వంటివి హై లేదా లో ఉన్నంతసేపు ఒక అధిక పౌనఃపున్య క్యారియర్ తరంగాన్ని ఉంచుతాయి లేదా ఆపుతాయి. అందువల్ల ఒక కుదుపు వచ్చి పోయినా తప్పు స్థితి నిలబడిపోదు.

కాప్రా విశ్రాంత ఇంజినీరు | జూన్ 5, రాత్రి 8.15

చర్చ సరైన దారిలో నడుస్తోంది. నేను ఇన్సులేషన్ వైపు నుంచి కొంత చెబుతాను, ఎందుకంటే దుకాణదారుడు చెప్పిన "5000 వోల్టులు కాబట్టి ఇంకా మంచిది" అన్న మాట చాలామందిలో పాతుకుపోయింది.

ఆ 2500, 5000 అనేవి యూఎల్ 1577 అనే ప్రమాణం ప్రకారం ఒక్క నిమిషం పాటు తట్టుకోవలసిన వోల్టేజీలు. రోజూ 24 గంటలూ ఆ అడ్డుగోడ మీద ఉండదగిన వోల్టేజీ వేరు, దానిని వర్కింగ్ వోల్టేజీ అని డేటాషీట్‌లో వేరే పట్టికలో ఇస్తారు. అది ఈ అంకె కన్నా చాలా తక్కువ. ఈ చిప్పుల ఇన్సులేషన్ పరీక్షలకు మొదట వీడీఈ 0884-10 అనే జర్మన్ ప్రమాణం ఆధారంగా ఉండేది. 2017లో 0884-11, తర్వాత 2020లో అంతర్జాతీయ ప్రమాణంగా ఐఈసీ 60747-17 వచ్చాయి. పాత సర్టిఫికెట్ చూపించి అమ్మే సరుకైతే, కొత్త ప్రమాణం ప్రకారం ఆ పార్టుకు ఏ స్థాయి ఇచ్చారో, బేసిక్ ఇన్సులేషనా (ఒక పొర రక్షణ), రీఇన్‌ఫోర్స్‌డ్ ఇన్సులేషనా (రెండు పొరలకు సమానమైన రక్షణ) అన్నది చూడాలి.

రెండవది ఉపరితలం మీది దూరం, అంటే క్రీపేజ్. 400 వోల్టుల వర్కింగ్ వోల్టేజీ, రెండవ స్థాయి కాలుష్యం అనుకుంటే, ఐఈసీ 60664-1 ప్రకారం బేసిక్ ఇన్సులేషన్‌కు చిప్పు ఒంటి ప్లాస్టిక్ పదార్థం మొదటి తరగతిదైతే 2 మి.మీ., మూడవ తరగతిదైతే 4 మి.మీ. కావాలి. రీఇన్‌ఫోర్స్‌డ్ అయితే రెట్టింపు, అంటే 4, 8 మి.మీ. వెడల్పు ప్యాకేజీలో సుమారు 8 మి.మీ. దొరుకుతుంది, సన్న ప్యాకేజీలో 4 మాత్రమే. కాబట్టి వెడల్పు చిప్పు దొరకలేదని సన్న చిప్పును అడాప్టర్ మీద అతికించి వేసే అలవాటు మానుకోవాలి. కాళ్లు సరిపోయినంత మాత్రాన దూరం సరిపోదు.

జీడిమెట్ల గాలిలో ఆమ్లపు ఆవిరులు ఉంటాయి. ప్యానెల్ తలుపు సీలు వదులైతే కాలుష్య స్థాయి రెండు నుంచి మూడుకు చేరుతుంది, అప్పుడు ఈ దూరాలు ఇంకా పెరగాలి.

మూడవది మీరు చెప్పిన మసి. చిప్పు తీశాక ఆ మసి పాకిన చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, గట్టి బ్రష్షుతో కడగండి. అప్పటికీ బోర్డు గోధుమ రంగులో ఉంటే అది పైన అంటిన మసి కాదు, బోర్డు పదార్థమే బొగ్గుగా మారిందని అర్థం. ఆ భాగాన్ని గీకి తీసి ఎపాక్సీ నింపాలి. కొత్త చిప్పు వేయక ముందే రెండు గ్రౌండ్ల మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్‌ను కొలిచే మీటరు) పెట్టి చూడండి. ఆ పరీక్షకు ముందు రెండు వైపుల మధ్య ఉన్న డీసీ-డీసీ మాడ్యూల్, కెపాసిటర్లు ఎంత వోల్టేజీ తట్టుకుంటాయో చూసుకోవాలి.

చివరగా ఒక ప్రశ్న. చిప్పు ఎందుకు కాలింది? పిడుగుల వంటి వోల్టేజీ పోట్లను మింగడానికి ఫీల్డ్ టెర్మినళ్ల దగ్గర ఉండవలసిన టీవీఎస్ డయోడ్లు, వేరిస్టర్లు బాగున్నాయా? అవి పోయి ఉంటే, ఎంత మంచి ఐసొలేటర్ వేసినా వచ్చే వానకు మళ్లీ ఇక్కడికే వస్తారు. అలాగే మైక్రోకంట్రోలర్ నుంచి ఐసొలేటర్‌కు వెళ్లే గీతల మీద పుల్-అప్ రెసిస్టర్లు, అంటే గీతను హై స్థితిలో పట్టి ఉంచేవి, ఉన్నాయేమో చూడండి. డిఫాల్ట్ స్థితి సప్లై పోయినప్పుడే కాపాడుతుంది. సప్లై ఉండి, మైక్రోకంట్రోలర్ రీసెట్‌లో పిన్నును వదిలేసిన క్షణాల్లో ఆ గీతను పట్టుకునేది పుల్-అప్ ఒక్కటే.

నాచారం ట్రైనీ | జూన్ 6, ఉదయం 8.05

పెద్దలందరికీ ధన్యవాదాలు. మా యూనిట్‌లో 6ఎన్137 ఆప్టోకప్లర్లు, అంటే లోపల ఎల్ఈడీ వెలుతురుతో సంకేతం దాటించే చిప్పులు, ఉన్న పాత బోర్డులు చాలా ఉన్నాయి. వాటి ఎల్ఈడీలు మసకబారి సంకేతాలు జారిపోతున్నాయి. వాటి చోట డిజిటల్ ఐసొలేటర్ వేయవచ్చా?

బాలానగర్ బెంచ్ | జూన్ 6, ఉదయం 10.40

నేరుగా వేయలేమమ్మా. ఆప్టోకప్లర్ ఇన్‌పుట్‌కు కావలసింది కరెంటు, డిజిటల్ ఐసొలేటర్ ఇన్‌పుట్‌కు కావలసింది వోల్టేజీ. పైగా ఐసొలేటర్‌కు ఇన్‌పుట్ వైపు కూడా సప్లై ఉండాలి, ఆప్టోకప్లర్‌కు ఆ వైపు ఎల్ఈడీ తప్ప మరేమీ లేదు. 6ఎన్137లో ఎల్ఈడీ వెలిగితే అవుట్‌పుట్ లో అవుతుంది, అది ఓపెన్ కలెక్టర్ గనుక బయట పుల్-అప్ ఉంటుంది. ఇవన్నీ తిరగరాయాలి.

ఎల్ఈడీ లేకుండానే ఎల్ఈడీ ఇన్‌పుట్‌లా ప్రవర్తించే చిప్పులు ఉన్నాయి. ఎస్ఐ8710, ఐఎస్ఓఎం8710 ఆ కోవకు చెందినవే. ప్యాకేజీ, అవుట్‌పుట్ రకం సరిచూసుకుని వాటిని ప్రయత్నించవచ్చు. పీఎల్‌సీల (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంట్రోలర్ల) 24 వోల్టుల ఇన్‌పుట్లలో ఉండే పీసీ817 వంటి నెమ్మది ఆప్టోలను మాత్రం వాటితోనే మార్చండి, చవకగా దొరుకుతాయి, ఆ పనికి అవే సరి.

చర్లపల్లి స్టోర్స్ | జూన్ 6, సాయంత్రం 5.20

కొనుగోలు వైపు నుంచి రెండు మాటలు. 2021 చిప్పుల కొరత సమయంలో పాత బోర్డుల నుంచి పీకి, పైభాగం గీకి, కొత్త అక్షరాలు ముద్రించిన సరుకు బజారులోకి చాలా వచ్చింది. అసిటోన్‌లో ముంచిన దూదితో పైభాగం రుద్దితే అక్షరాలు చెదిరినా, నల్లరంగు దూదికి అంటినా ఆ సరుకు వద్దు. కాళ్ల చివర్ల మీద పాత సోల్డర్ మెరుపు కనిపించినా వద్దు.

ఇంకో సంగతి, 16 కాళ్ల అదే వెడల్పు ప్యాకేజీలో ఏడీయూఎం5401 వంటివి కూడా ఉంటాయి. వాటిలో సంకేతాలతో పాటు డీసీ-డీసీ కన్వర్టర్ కూడా లోపలే ఉంటుంది. మా స్టోర్స్‌లో ఇవీ మామూలు 1401లూ ఒకే డబ్బాలో కలిసిపోయి ఒకసారి చాలా ఇబ్బంది పడ్డాము. ఇప్పుడు వాటికి వేరే రంగు లేబులు వేసి ఉంచుతున్నాము.

బాలానగర్ బెంచ్ | జూన్ 6, రాత్రి 9.30

చిప్పు బోర్డు ఎక్కకముందే పరీక్షించే పద్ధతి కూడా రాస్తాను, అరగంట పని. ఒక అడాప్టర్ మీద చిప్పును పెట్టి, రెండు వైపులా రెండు వేర్వేరు బెంచ్ సప్లైల నుంచి 5 వోల్టులు ఇవ్వండి. ప్రతి సప్లై పిన్ను పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. ముందుగా లాజిక్ వైపు సప్లై తీగను తీసేసి, ఫీల్డ్ వైపు మూడు అవుట్‌పుట్లనూ మల్టీమీటర్‌తో కొలవండి. అక్కడ 5కు దగ్గరగా ఉంటే డిఫాల్ట్ హై, సున్నాకు దగ్గరగా ఉంటే లో. తర్వాత సప్లై మళ్లీ ఇచ్చి, 10 కిలోఓమ్‌ల పొటెన్షియోమీటర్‌తో ఒక ఇన్‌పుట్‌ను సున్నా నుంచి నెమ్మదిగా పెంచుతూ అవుట్‌పుట్ ఎక్కడ మారిందో రాసుకోండి, దింపుతూ మళ్లీ రాసుకోండి. దుకాణదారుడు ఏ పేరు చెప్పినా, ఈ రెండు కొలతలూ చిప్పు నిజస్వరూపాన్ని చెప్పేస్తాయి.

జీడిమెట్ల మెయింటెనెన్స్ | జూన్ 17, రాత్రి 8.45

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. అధీకృత పంపిణీదారు దగ్గర ఎస్ఐ8641ఈడీ తొమ్మిది రోజుల్లో దొరికింది. ఐదు తెప్పించాము.

బెంచ్ గారు చెప్పినట్టే అడాప్టర్ మీద పరీక్షించాను. లాజిక్ సప్లై తీసేస్తే మూడు అవుట్‌పుట్లూ 4.96 వోల్టుల దగ్గర నిలిచాయి. ఇన్‌పుట్‌ను పెంచుతుంటే 1.68 వద్ద, దింపుతుంటే 1.24 వద్ద మారింది. మా 3.24 వోల్టులకు చాలినంత ఎడం ఉంది.

కాప్రా పెద్దలు అడిగిన రెండు ప్రశ్నలకూ సమాధానం దొరికింది. హీటర్ టెర్మినల్ దగ్గర టీవీఎస్ డయోడ్ షార్ట్ అయి, దాని ట్రాకు ఆవిరైపోయింది. అంటే అది ఒకసారి కాపాడి, తర్వాత కాపాడలేని స్థితికి వచ్చిందన్నమాట. హీటర్ గీత మీద 10 కిలోఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ పైకి చక్కగానే కనిపించింది కానీ, ఒక చివర పలకలో సన్నని చీలిక వచ్చి తెగిపోయి ఉంది. మీరు అడగకపోతే దాన్ని నేను కొలిచేవాడిని కాదు. ఐసొలేటర్ ఒక్కటే మార్చి ఉంటే కంట్రోలర్ రీసెట్ అయిన ప్రతిసారీ ఆ గీత గాలిలో వేలాడేది.

ఆ రెండింటినీ మార్చి, బోర్డు గోధుమ రంగు చోటును గీకి ఎపాక్సీ పెట్టాము. డీసీ-డీసీ మాడ్యూల్ విప్పి ఉంచి 500 వోల్టుల మెగ్గర్‌తో చూస్తే రెండు గ్రౌండ్ల మధ్య సూది కదలలేదు. బోర్డును రియాక్టర్‌కు కలపకుండా, హీటర్ బదులు బల్బు పెట్టి, కంట్రోలర్ సప్లైని ఇరవై సార్లు తీసి పెట్టాము. ఒక్కసారి కూడా బల్బు వెలగలేదు. కంట్రోలర్ రీసెట్ బటన్ నొక్కి పట్టుకున్నా వెలగలేదు. మా నాణ్యతా విభాగం ఈ పరీక్షను చేంజ్ కంట్రోల్ ఫైలులో చేర్చమని అడిగింది, కొలతలన్నీ సంతకాలతో చేర్చాము.

మిగిలిన మూడు బోర్డుల్లోనూ పుల్-అప్‌లను, టీవీఎస్‌లను ఈ ఆదివారం షట్‌డౌన్‌లో కొలుస్తున్నాము.

కాప్రా విశ్రాంత ఇంజినీరు | జూన్ 17, రాత్రి 9.20

చాలా సంతోషం బాబూ. ఆదివారం కొలిచేటప్పుడు పుల్-అప్‌లను బోర్డు మీద ఉంచే కొలవకండి, ఒక చివర లేపి కొలవండి. పక్కనున్న చిప్పుల గుండా కరెంటు దారి మళ్లి, తెగిన రెసిస్టర్ కూడా బాగున్నట్టే చూపిస్తుంది.

జీడిమెట్ల మెయింటెనెన్స్ | జూన్ 17, రాత్రి 9.40

అలాగేనండీ, ఒక చివర లేపే కొలుస్తాము. నాలుగు బోర్డులకూ స్టోర్స్ జాబితాలో ఇకపై పూర్తి పార్ట్ నంబరే ఉండేలా మార్పించాను. పక్కనే "డిఫాల్ట్ హై, ఇన్‌పుట్ 2.0 వోల్టులు, వెడల్పు ప్యాకేజీ" అని కూడా తెలుగులో రాయించాను.